డబ్బా మీద నంబరు చదవని టర్నరు

ఏలూరులో లేత్ షాపుకి పనికి కొదవుండదు. తాడేపల్లిగూడెం వైపు రైసుమిల్లుల నుంచి పుల్లీలు, ఎలివేటర్ షాఫ్టులు వస్తాయి. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల నుంచి పంపు షాఫ్టులు, ఏరేటర్ షాఫ్టులు వస్తాయి. నేను పని నేర్చుకున్నది హెచ్‌ఎస్‌ఎస్ బిట్లతో, బ్రేజింగ్ చేసిన విడియా టూళ్లతో. కోణం మనమే గ్రైండరు మీద నూరుకునేవాళ్లం. ఇన్సర్టులొచ్చాక నూరే బాధ తప్పింది, కోణాల గురించి ఆలోచించడం కూడా మానేశాను. హోల్డరులో కూర్చుంటే చాలు, సరిపోయినట్టే అనుకునేవాణ్ణి.

నా హోల్డరు పీడీజేఎన్‌ఆర్ 2525 ఎమ్15. 25 మిల్లీమీటర్ల చదరపు షాంకు, 55 డిగ్రీల ఇన్సర్టు దానిది. వాడే ఇన్సర్టు డీఎన్‌ఎమ్‌జీ 150608. ఒకసారి సీజన్లో డబ్బా ఖాళీ అయింది. కొట్లో అది లేదు, 150408 ఉంది. ఆకారం అదే, అంచు పొడవు అదే. తెచ్చి బిగిస్తే చక్కగా కూర్చుంది.

ఆ నంబర్లో 15 అంచు పొడవు, చివరి 08 అంటే ముక్కు రేడియస్ 0.8 మిల్లీమీటర్లు. మధ్యలో ఉన్నది మందం. 06 అంటే 6.35 మిల్లీమీటర్లు, 04 అంటే 4.76. అంటే నా టూలు మొన సెంటరు కంటే 1.59 మిల్లీమీటర్లు కిందికి దిగిపోయింది. ఫేసింగ్ చేస్తే మధ్యలో మూడు మిల్లీమీటర్ల బుడిపె మిగిలింది. సెంటర్ డ్రిల్లు వేసేసరికి అది పోయింది, నేనూ మర్చిపోయాను.

చేతిలో ఉన్నవి స్టెయిన్‌లెస్ స్టీలు ఏరేటర్ షాఫ్టులు. బేరింగు కూర్చునే చోట 25 మిల్లీమీటర్లు రావాలి. 30 దగ్గర కొలిచి, డయల్ లెక్క ప్రకారం 25కి దింపితే 25.03 వచ్చింది. టూలు కిందుంటే అంతే, డయల్ చెప్పినంత లోహం తెగదు, వ్యాసం తగ్గేకొద్దీ తేడా పెరుగుతుంది. నేను మాత్రం క్రాస్ స్లయిడు అరిగిందనుకున్నాను. మిగిలిన ఆ కాస్తా తీద్దామని సన్నటి కట్ వేశాను. 0.8 ముక్కుతో అంత పల్చటి కట్ తెగదు, రుద్దుకుంటుంది. పైగా స్టెయిన్‌లెస్ రుద్దేకొద్దీ గట్టిపడుతుంది. చివరికి ఎమెరీ కాగితం పట్టాను. షాఫ్టు గుండ్రం పోయింది, అక్కడక్కడా సైజు తగ్గింది. అలాగే ఇచ్చేశాను.

చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున. సరిగ్గా ఆ వేళకే బేరింగు జారి ఏరేటరు ఆగింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయట. రైతు పంపు పెట్టి నీళ్లు కొట్టించి గట్టెక్కాడు. పొద్దున్నే షాపుకొచ్చి, "ఏమయ్యా, షాఫ్టు చేశావా, కర్ర చెక్కావా?" అన్నాడు. మాట పడ్డాను. షాఫ్టులన్నీ నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను.

తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు పనులు చేసే ఒక పెద్ద టర్నరు ఉన్నాడు. ఇన్సర్టు, హోల్డరు పట్టుకెళ్లి చూపించాను. "బాబాయ్, లేత్ అరిగిపోయిందంటావా?" అన్నాను. ఆయన వెర్నియర్ తీసి ఇన్సర్టు మందం కొలిచి, "లేత్ కాదురా అబ్బాయ్, నీ కళ్లు అరిగాయి. డబ్బా మీద అంత పెద్ద నంబరుంటే చదవలేదా?" అన్నాడు. హోల్డరు నంబర్లో 15 అని అంచు పొడవే ఉంటుంది, మందం ఉండదు. అది క్యాటలాగులో చూడాలి. 04 వాడక తప్పకపోతే దాని కింద మందమైన షిమ్ వేయాలి. ఇది ఆయన దగ్గరే తెలిసింది.

అప్పట్నుంచి ఇన్సర్టు నంబర్లో అక్షరాలు కూడా చదువుతున్నాను. రెండో అక్షరం ఎన్ అయితే ఇన్సర్టు పక్కలు నిటారు. పక్క రుద్దుకోకుండా హోల్డరే దాన్ని కిందికి వంచి పట్టుకుంటుంది. సీసీఎమ్‌టీలో లాగా సీ అయితే 7 డిగ్రీల వాలు ఇన్సర్టులోనే ఉంటుంది, స్క్రూతో బిగుస్తుంది. రెండూ 80 డిగ్రీలవే అయినా సీఎన్‌ఎమ్‌జీ హోల్డరులో సీసీఎమ్‌టీ పెట్టకూడదు. గ్రేడు రంగులూ అంతే. నీలం స్టీలుకి, పసుపు స్టెయిన్‌లెస్‌కి, ఎరుపు పోత ఇనుముకి.

కొత్తగా షాపు పెట్టే తమ్ముళ్లకి ఒకటే చెబుతాను. ఇన్సర్టు కొనడానికి వెళ్లేటప్పుడు పాత డబ్బా వెంట తీసుకెళ్లండి. ఒక్క అంకె తేడా ఉన్నా బిగించే ముందు మందం కొలిచి, మొనని సెంటరుకి ఆనించి చూడండి. ఫేసింగులో బుడిపె మిగిలితే అక్కడే పని ఆపండి.