పేరు లేని కథలు

జూలై వచ్చిందంటే చందమామ అభిమానులకు పండగే. నాగిరెడ్డి, చక్రపాణి ఆ పత్రికను మద్రాసులో ప్రారంభించింది 1947 జూలైలో. అది ఆగిపోయి పదేళ్లు దాటినా మేం మాత్రం పుట్టినరోజు మానలేదు. తలలు నెరిసినవాళ్లం నలుగురం కలిస్తే చాలు... వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజాన శవం - కబుర్లకు అంతుండదు.

బొమ్మల మీద చిత్రకారుల సంతకాలుండేవి. 'చిత్రా' అన్న రెండక్షరాలు మాకు మేనమామ పేరంత పరిచయం. మరి 'తోకచుక్క' మొదలుకొని ఏళ్ల తరబడి మమ్మల్ని పోస్టుమ్యాన్ కోసం వీధిలో నిలబెట్టిన ఆ సీరియల్స్ ఎవరివి? వాటి మీద రచయిత పేరుండేది కాదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని మాలో చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. దశాబ్దాలపాటు పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారి చేయీ అలాగే తెరవెనకే ఉండిపోయింది.

అభిమానులంటే పాత సంచికలు దాచుకునేవాళ్లే కాదు, ఆ పేర్లు మరుగున పడకుండా చూసేవాళ్లు కూడా. దాసరి గారు 2010లో వెళ్లిపోయారు. ఆయన కథలు మాత్రం మా నోళ్లలో ఉన్నాయి. ఈ జూలైలో మా మనవడికి 'తోకచుక్క' చదివి వినిపిస్తాను. కథకంటే ముందు, రాసినాయన పేరు చెబుతాను.