ఆ గది చప్పుడు

మా అబ్బాయి గదిలోంచి ఎప్పుడూ దబ్ దబ్‌మని పిండిమర చప్పుడే! "ఆపరా బాబూ" అని నేనూ, ధడాల్న తలుపేసుకుని వాడూ. ఏడాదిగా మా మధ్య మాటలంటే ఇవే.

మొన్న ఏ బుద్ధి పుట్టిందో, నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు. 1998లో పాల్ ఓకెన్‌ఫోల్డ్ కూర్చిన 'ట్రాన్స్‌పోర్ట్'ట. "ట్రాన్స్ కొత్తవాళ్లు ఇలాంటి డీజే మిక్స్‌తోనే మొదలెట్టాలమ్మా. వెతుక్కునే పనిలేదు, ఏరి గుచ్చి ఇస్తారు" అన్నాడు. ఎవరెవరివో పాటలు, లయ కలిపి, ఒకటి ముగియకుండానే రెండోది అందుకుంటుంది. అతుకు తెలియదు.

"మేం బి.ఏ.లో చదివిన సంధే కదరా ఇది!" అన్నాను. పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

వచ్చేనెల హాస్టలుకి వెళ్తున్నాడు. ఆ డిస్కు ఇక్కడే వదిలి వెళ్లమన్నాను. ఆ గదిలో చప్పుడు లేకపోతే ఎలా, చెప్పండి?