మా వంటింట్లో గరిటె ఊగుతుంది

"ఫ్యాన్ లేదు కదమ్మా, ఆ గరిటె ఎందుకు ఊగుతోంది?"

వీడియో కాల్‌లో నాన్న ఈ ప్రశ్న అడిగేదాకా, మేం లండన్‌లో ఫ్లాట్‌లో ఉంటున్నామనే మా ఇంట్లోవాళ్లు అనుకునేవారు.

నిజానికి మేం ఉండేది కాలువ మీద, పడవలో. నారోబోట్ అంటారు. వెడల్పు ఏడడుగులు కూడా ఉండదు. అద్దెలు కట్టలేక, దాచుకున్న డబ్బంతా పెట్టి నేనూ మా ఆయనా పాతదొకటి కొన్నాం. సొంత రేవు లేనివాళ్లు ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదని రూలు. గడువు కాగానే తాళ్లు విప్పి ముందుకు పోవాల్సిందే. ఇదంతా చెప్తే అమ్మ బెంగపడుతుందని, ఎప్పుడూ తెల్లగోడ ముందు కూర్చునే ఫోన్ మాట్లాడేదాన్ని.

దొరికిపోయింది వంటగట్టు వల్ల. పడవ వంటింట్లో గట్టు రాయి కాదు, చెక్క మీద అంటించిన లామినేట్ షీటు. మాది రంగు వెలిసి, కత్తిగాట్లు పడి, సింకు దగ్గర అంచు లేచిపోయింది. దానిపైనే కొత్త షీటు అంటించేద్దామనుకున్నా. మా నాన్న వడ్రంగి. అల్మరాలకీ టేబుళ్లకీ సన్‌మైకా అంటించడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయన్ని అడక్కుండా ఎలా? కెమెరా గట్టు వైపు తిప్పాను. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఇంకో బోటు జోరుగా వెళ్లింది.

ఇక చెప్పేశాను. అటువైపు నుంచి మాట లేదు. నెట్ పోయిందేమో అనుకున్నా. చివరికి నాన్న అన్నదొకటే: "సింకు పక్కన స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు."

గుచ్చాను. కేకులోకి దిగినట్టు దిగిపోయింది.

"పైన షీటు వేసేస్తే కనపడదులే నాన్నా."

"కనపడదు. కొన్నాళ్లకి మళ్లీ లేస్తుంది. లోపల తడి పెట్టి పైన మూసేస్తే చెక్క ఊరుకోదమ్మా."

ఆ మాట గట్టు గురించేనా అని నాకిప్పటికీ డౌటే.

సింకు ఊడదీశాం. చుట్టూ ఉన్న సిలికాన్ ఎప్పుడో విడిపోయింది. నీళ్లు దిగి చెక్క కుళ్లింది. కుళ్లిన మేర కోసేసి మిగతాది ఆరబెట్టాం. ఇంతలో 14 రోజులూ అయిపోయాయి. సింకు లేని వంటింటితోనే బోటు కదిలించి, గిన్నెలు బాత్రూంలో కడుక్కున్నాం.

తర్వాతి శనివారం అసలు పని. కోసిన చోట మెరైన్ ప్లై ముక్క బిగించి, అంచులకి ఎపాక్సీ పట్టించాం. గట్టిగా అతుక్కుని ఉన్న పాత షీటుని పీకలేదు. 80 నంబరు ఉప్పు కాగితంతో దాని నునుపు పోయేదాకా రుద్ది, జిడ్డు తుడిచాం. కాంటాక్ట్ గ్లూ ఆవిరి తొందరగా అంటుకుంటుంది, తల కూడా తిప్పేస్తుంది. అందుకే గ్యాస్ సిలిండర్ కట్టేసి, చలి పొయ్యి ఆర్పేసి, కిటికీలన్నీ తెరిచాం. "పొయ్యి ఆపావా?" అని నాన్న ఫోన్‌లో మూడుసార్లు అడిగాడు.

గ్లూ గట్టుకీ రాయాలి, షీటు వెనకా రాయాలి. వేలికి అంటుకోనంతగా ఆరాకే రెండూ కలపాలి. ఒక్కసారి తగిలాయంటే ఇక జరపలేం. అందుకే నాన్న చిట్కా ప్రకారం గట్టు మీద వరసగా వెదురు పుల్లలు పరిచి, వాటిపైన షీటు పెట్టి సరిచూసుకున్నాం. ఒక చివర నుంచి ఒక్కో పుల్లా లాగుతూ చపాతీ కర్రతో గట్టిగా నొక్కుకుంటూ పోయాను. మిగిలిన అంచుని ఆకురాయితో పైనుంచి కిందికే రాయాలి, పైకి లాగితే పెచ్చు లేస్తుంది. ఒకచోట లాగాను. లేచింది. సింకు చుట్టూ కొత్త సిలికాన్ పట్టించి ముగించాం.

నాన్న ఫోన్‌లోనే గట్టంతా చూశాడు. పెచ్చు లేచిన చోట ఆగి, "మొదటి పనికి పర్లేదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం చాలా పెద్ద విషయం. వెనకనుంచి అమ్మ మాత్రం, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగేది, "ఇవాళ ఏ ఊళ్లో ఉన్నారే?" అని. నాన్నేమో, "సింకు పక్కన పొడిగానే ఉందా?" అంటాడు. నేను తెల్లగోడ ముందు కూర్చోవడం మానేశా. ఫోన్ గట్టు మీదే నిలబెట్టి వంట చేసుకుంటూ మాట్లాడుతున్నా.

గరిటె ఊగగానే నాన్నే ముందు చెప్తాడు: "బోటేదో వెళ్తున్నట్టుందమ్మా, పాలగిన్నె పట్టుకో."