పొగమంచునకు చోటు లేకపోయిన కథ

ఈనాడు శుభలేఖలు కాగితముపై గాక సెల్‌ఫోనులలో కదలు బొమ్మలుగా వచ్చుచున్న సంగతి సోదరీమణు లెఱుగుదురు. తిరువూరులో మా యింట మా ఆడుబిడ్డ యట్టి బొమ్మలు కూర్చి నాలుగు రూకలు గడించుచున్నది. "ఇది యెన్నాళ్ళు సాగును? బి.ఇడి. చదువరాదా?" యని మావా రప్పుడప్పు డనుచుందురు. కావుననే, గత శ్రావణమున నొక పెండ్లివారి శుభలేఖ చెడినపుడు ఆమెకంటె మాకే దిగులు హెచ్చైనది.

ముందు మండపస్తంభములు, వెనుక కొండ, నడుమ పల్లకి సాగవలయును. ఆ పల్లకి స్తంభముల చాటునకు బోవుటకు మాఱుగా వాని ముందునుండియే పోవుచున్నది. "300 వెనుకకు జరిపితిని వదినా! అయినను ముందే కనబడుచున్నది" యని యామె కన్నీరు పెట్టుకొన్నది. తెల్లవారిన పని యొప్పగింపవలయును.

మేము తోలుబొమ్మలాట పోలిక చెప్పబోయి తొలుత నామెను తప్పుదారి పట్టించితిమి. అందు బొమ్మను తెరకానించిన స్పష్టముగ నుండును. దీపమువైపు జరిపిన నీడ పెరిగి మసకబాఱును. రెండు బొమ్మ లొకదానిపై నొకటి పడినచో రంగులు కలియును గాని, ఒకటి రెండవదానిని పూర్తిగ మఱుగుపఱుపదు. ఇచట సంగతి వేఱు.

ఆమె వాడునది ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అను సాధనము. ఇందు పొరలకు లోతు నిచ్చు సదుపాయము 2001లో వచ్చినది. చదును పొరలలో పట్టికయందు పైనున్నదే ముందు కనబడును. లోతు గల పొరలు కెమెరానుండి తమకు గల దూరమును బట్టి నిలుచును. మేము పట్టిక చదివించుకొంటిమి: పల్లకి, పొగమంచు, స్తంభములు, కొండ.

"పొగమంచు ఎంత దూరమున నున్నదమ్మా?"

"దానికి దూరము లేదు వదినా, అది వట్టి చదును పొర."

అనుచుండగనే యామెకేదో తట్టి సూచనల పుట తెఱచినది. లోతు గల పొరల నడుమ చదును పొర యొకటి వచ్చినచో నవి రెండు జట్లుగ విడిపోవునట! అపుడు పట్టికలోని పైజట్టు, దూరముతో నిమిత్తము లేక, క్రిందిజట్టుపై బడును. ఏకోదరుల నడుమ గోడ లేచినట్లే. పొగమంచునకును లోతు నిచ్చి, 900 దూరమున కొండకు ముందుగ నిలుపగా, పల్లకి బుద్ధిగా స్తంభముల చాటునకు బోయినది.

బోయినది గాని, మలుపు తిరుగునపుడు దాని ముందుకొమ్ము స్తంభమును చీల్చుకొని యీవలకు వచ్చినది! పైనుండి చూచు దృశ్యమును తెఱపించితిమి. అందు పొరలన్నియు ముగ్గుగీతలవలె సన్నగ నుండును; గీత లెచట ఖండించుకొనునో బొమ్మలు నచటనే ఖండించుకొనును. మలుపువలన పల్లకి గీతయొక్క కొన స్తంభపు గీతను దాటినది. మఱి 150 వెనుకకు జరిపి, దూరమువలన చిన్నదైనందున కొంత పెంచినది. అప్పటికి రాత్రి రెండు గంటలైనది. మావారు లేచివచ్చి, ఏమియు ననక, పల్లకి పోవుటను మూడుమాఱులు చూచి మరల పరుండిరి.

ఉదయమున పెండ్లివారినుండి కబురు వచ్చినది: పల్లకి బాగున్నదట, వరుని తాతగారి పేరు మాత్రము ఇంకను పెద్ద యక్షరములలో నుండవలయునట.