మీవాళ్ల చేతులు

నేను కార్ల మిస్త్రీని. ముషీరాబాదులో ఒక సందు చివర రేకుల షెడ్డు నాది. పగలు గ్రీజు, రాత్రి తెలుగు. ఈ రెండో మాట చెబితే చాలామంది నవ్వుతారు. గ్రీజు దగ్గర ఎవరూ నవ్వరు. ముస్లిం మిస్త్రీ అంటే లోకానికి సహజంగా కనిపిస్తుంది. ముస్లిం తెలుగు రాస్తాడంటేనే కనుబొమలు పైకి లేస్తాయి.

మొన్న ఎండాకాలంలో ఒక పెద్దమనిషి తన కారు తెచ్చాడు. రిటైరైన డాక్టరు. కారు 1965 నాటి షెవర్లే ఇంపాలా. వాళ్ల నాన్న ఎప్పుడో ఒక విదేశీ దౌత్యవేత్త దగ్గర కొన్నాడట.

"ట్రాఫిక్‌ల పావుగంట నిలబడితే బండి లాగుతలేదు భాయ్. చల్లారినంక మళ్ల మంచిగనే పోతది" అన్నాడు.

అడ్వాన్సు తీసుకుని రసీదు రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అరె, మీకు తెలుగు రాయనొస్తదా? అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి!"

మంచి మనిషే. మంచి మనుషులే ఎక్కువగా ఈ మాట అంటారు. నల్లగొండ జిల్లాలో పుట్టాను. సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివాను. వేమన పద్యాలు అప్పజెప్పలేక బెంచీ ఎక్కాను. యాభై ఏడేళ్లు వచ్చాయి. ఇంకా నా తెలుగుకు ఈ మెచ్చుకోలు తప్పలేదు. సొంత ఇంట్లో కూర్చున్నవాణ్ణి "మా ఇంటికి భలే వచ్చావే" అన్నట్టుంటుంది.

సరే, కారు సంగతి.

ఆ బండికి క్లచ్ పెడల్ ఉండదు. గేర్లు అదే మార్చుకుంటుంది. అందులోది పవర్‌గ్లైడ్ అనే గేర్‌బాక్సు. షెవర్లే వాళ్లు 1950లో తెచ్చి 1973 దాకా చేశారు. ముందుకు రెండే గేర్లు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. దాన్నిండా నూనె. ఇటువైపు రెక్కలు నూనెను విసిరితే ఆ నూనె అటువైపు రెక్కలను తిప్పుతుంది. రెండింటి వేగంలో తేడా ఉన్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంటే ఆ తేడా తక్కువ. ఆగి, కదిలి, మళ్లీ ఆగే మన ట్రాఫిక్‌లో ఆ తేడా తీరదు.

ఈ వేడిని తీయడానికి కంపెనీ ఒక ఏర్పాటు చేసింది. నూనె ఒక పైపులో రేడియేటర్ దాకా పోతుంది. అక్కడ నీళ్లకు వేడి ఇచ్చి ఇంకో పైపులో వెనక్కి వస్తుంది. బాగానే ఉంది. కాని హైదరాబాదు మే నెలలో రేడియేటర్ నీళ్లే తొంభై డిగ్రీల దగ్గర ఉంటే నూనె అంతకంటే ఎట్లా చల్లబడుతుంది? కాగిన నూనె పలచబడుతుంది. ఒత్తిడి తగ్గుతుంది. లోపలి ప్లేట్లు జారుతాయి. జారితే ఇంకా వేడి. డిప్‌స్టిక్ లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగు తిరిగింది. మాడు వాసన.

రేడియేటర్ మూత తీసి చూశాను. నీళ్లలో నూనె కలవలేదు. కలిస్తే గులాబీరంగు లస్సీలా అవుతుంది, గేర్‌బాక్సు ఖతం. పాన్ విప్పాను. అడుగున సన్నటి పొడి ఉంది గాని ఇనుప ముక్కలు లేవు. బండి బతికే ఉంది. జాలీ కడిగి, కొత్త నూనె పోసి, బయట ఒక కూలర్ పెట్టాలి అన్నాను. డాక్టరు గారి కొడుకు అమెరికాలో ఉంటాడు. కూలర్ అతనే పంపించాడు. పెద్ద పుస్తకమంత అల్యూమినియం జాలీ అది.

ఈ పని నేను షార్జాలో నేర్చుకున్నాను. 1991 నుంచి 2002 దాకా అక్కడే ఉన్నాను. అమెరికా కార్లు ఎక్కువ, ఎండ ఇంకా ఎక్కువ. అరబ్బులు మమ్మల్ని "హిందీ" అని పిలిచేవాళ్లు. హిందీ అంటే హిందూస్థానీ. మలయాళీ నాయరైనా, నల్లగొండ ముసల్మానైనా వాళ్లకు ఒకటే. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన రాత్రి మా గదిలో ఎవరూ అన్నం ముట్టలేదు. తెల్లారి పనికి వెళితే సేటు "ఏయ్ హిందీ" అనే పిలిచాడు. నా దేశం పేరుతో నన్ను పిలిచిన వాళ్లు నా దేశం వాళ్లు కాదు. పదకొండేళ్లు ఏ రుజువూ అడగకుండా నన్ను హిందూస్థానీ అన్నారు. ఇక్కడికి వచ్చి ఇల్లు కిరాయికి అడిగితే మొదట పేరడిగారు. తర్వాత ఇల్లు ఖాళీ లేదన్నారు.

షెడ్డులో నా దగ్గర ఒక పిల్లవాడు పని నేర్చుకుంటున్నాడు. సూర్యాపేట దగ్గరి పల్లె. గొల్ల వాళ్ల ఇల్లు. పంతొమ్మిదేళ్లు. నన్ను ఉస్తాద్ అంటాడు.

ఇద్దరం కలిసి కూలర్‌ను రేడియేటర్ ముందు బిగించాం. కొందరు ప్లాస్టిక్ పట్టీలు రేడియేటర్ జాలీలోంచి దూర్చి కట్టేస్తారు. అది కదిలి కదిలి జాలీని కోస్తుంది. మేం ఇనుప పట్టీలు వంచి బాడీకి బోల్టులు వేశాం. రెండింటి మధ్య వేలు దూరేంత సందు వదిలాం. ఇక తిరుగు పైపును కోసి కూలర్‌కు కలపాలి. నూనె ముందు రేడియేటర్‌లోకి పోవాలి, తర్వాత కూలర్‌లోకి, అక్కణ్ణుంచి గేర్‌బాక్సులోకి. ఈ వరస తప్పితే గాలికి చల్లారిన నూనెను తీసుకుపోయి వేడినీళ్లలో ముంచినట్టే.

ఏ పైపు తిరుగు పైపో నాకు తెలుసనుకున్నాను. కోత కోసం గీత కూడా గీశాను.

"ఉస్తాద్, ఒకసారి చూసుకుందాం. గదేనా?" అన్నాడు పిల్లవాడు.

కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల పని నాది. అయినా పైపు విప్పి రేడియేటర్ వైపు కొసను డబ్బాలో పెట్టి, గేర్‌బాక్సు వైపు కొస కింద ఇంకో డబ్బా పెట్టి రెండు క్షణాలు ఇంజను తిప్పించాను. నూనె గేర్‌బాక్సు వైపు కొసలోంచే చిమ్మింది. అంటే అది నూనె బయటికి పోయే పైపు. వాడు చెప్పకపోతే తలకిందులుగా కలిపేవాణ్ణి. వాడి వీపు తట్టి రెండో పైపు కోశాను. కొసకు ఉబ్బు తీసే పని వాడికే ఇచ్చాను. ఆ ఉబ్బు లేకపోతే గొట్టం ఊడిపోతుంది. గొట్టం కూడా గేర్ నూనె వేడికి తట్టుకునేదే వేయాలి, పెట్రోలు గొట్టం పనికిరాదు. సైలెన్సర్ పైపుకు దూరంగా తిప్పి క్లిప్పులు బిగించాడు. ఇంజను నడుస్తుండగా, నూనె వేడెక్కాక, మట్టం చూసి మళ్లీ పోశాం. కూలరూ గొట్టాలూ నిండటానికి దాదాపు అర లీటరు ఎక్కువ పట్టింది.

సాయంత్రం డాక్టరు గారిని ఎక్కించుకుని ఆర్టీసీ క్రాస్ రోడ్స్ రద్దీలో అరగంట తిప్పాను. ఎక్కడా జారలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఏమన్నా అనుండ్రి, గీ పని మీవాళ్ల చేతులల్లనే ఉన్నది. పుట్టుకతోనే వస్తది మీకు" అన్నాడు.

షెడ్డు దగ్గర దిగాక చెప్పాను. "సార్, ఇయ్యాల నా తప్పు పట్టింది వీడు. వీడు మావాడు కాదు. అంటే మావాడే, ముసల్మాను కాదు. మా దాదా నిజాం సర్కారులో గుమాస్తా. ఉర్దూల ఫైళ్లు రాసేది. ఆయనవి సిరా చేతులు. 1948 పోలీసు చర్య తర్వాత నౌకరీ పోయింది. కచేరీల ఉర్దూ కూడ పోయింది. ఆయనకొచ్చిన పని ఎవరికీ అక్కరలేకపాయె. మా అబ్బా పదేండ్లకే సైకిల్ షాపుల పంచర్లు ఏసిండు. గీ గ్రీజు పుట్టుకతోని రాలే సార్. కుర్చీ పోతే వచ్చింది."

"నేను మంచిమాటే అన్న భాయ్" అన్నాడాయన నొచ్చుకుని.

"మంచిమాటే సార్. అందుకే జవాబు చెబుతున్న."

తిట్టినవాడితో గొడవ పడొచ్చు. మెచ్చుకునేవాడితో ఎట్లా? పని మా రక్తంలో ఉందంటే ఇక ఆఫీసుల్లో మేమెందుకు లేమని ఎవరూ అడగక్కరలేదు. ముస్లింలు సొంత చిన్న పనుల్లో ఎక్కువ, జీతాల కొలువుల్లో తక్కువ అని 2006లో సచార్ కమిటీ లెక్కలతో చెప్పింది. ఆ లెక్కను పుట్టుక ఖాతాలో వేస్తే అందరికీ నిశ్చింత. నా పని నాకు గౌరవం. కాని అది నేను నేర్చుకున్న పని. నేర్పితే గొల్ల పిల్లవాడికి వచ్చింది. నేర్పి, చోటిస్తే మా పిల్లలకు మీ పనులూ వస్తాయి.

డాక్టరు గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లవాడి పేరడిగాడు, ఊరడిగాడు. ఆ పైపు సంగతి మొదటి నుంచీ చెప్పించుకున్నాడు.

నేను బిల్లు రాశాను. నూనె, జాలీ, గొట్టం, క్లిప్పులు, ఇద్దరి మజూరీ. అన్నీ తెలుగులోనే. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివాడు. ఈసారి అక్షరాల గురించి ఏమీ అనలేదు. లెక్క సరిచూసుకుని డబ్బులిచ్చి వెళ్లాడు.