కొండమీది కాగితము

మాడుగుల దాటి ఘాట్ రోడ్డు ఎక్కనారంభించిన బస్సు, ఒక్కొక్క మలుపున మైదానపు వేడిమిని కొంత కొంతగా విడిచిపెట్టుచు, అమ్మవారి పాదాల వద్ద డ్రైవరు చేయెత్తి మ్రొక్కుకొనినంతసేపు నిలిచి, మిట్టమధ్యాహ్నమునకు నన్ను పాడేరులో దించినది. 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణమైన యీ యూరికి జనులు మోదకొండమ్మ తల్లి జాతరకును, కాఫీ తోటలకును, మంచుకును వత్తురు. పందొమ్మిదవ శతాబ్దములో దొరల ప్రభుత్వము ఈ కొండల భూమిని ఏ విధముగ లెక్కగట్టినదో, ఆ లెక్కను చదువుకొనుటకు వలసిన అక్షరములు కొండవారికి ఏనాటికి చేరినవో, ఆ రెండింటి నడుమ జారిపోయిన కాలమును కన్నులార చూడవలెనను కోరిక నన్ను ఇక్కడకు రప్పించినది.

సంతరోజగుటచే దారి పొడవున పసుపు, పిప్పలి, రాజ్‌మా బస్తాలు పరచియుండెను. ఒక ముసలమ్మ అడ్డాకుల కట్టను నేలపై దింపి, కొనువాడు చెప్పిన వెలను తన వ్రేళ్ళ కణుపులపై రెండుమారులు లెక్కించుకొని, మూడవమారు ప్రక్కనున్న మనుమరాలి వంక చూచినది. ఆ పిల్ల సెల్‌ఫోనులో లెక్కవేసి, "కాదు అవ్వా, ఇరవై తక్కువ ఇత్తన్నాడు" అన్నది. కొనువాడు మారుమాటాడక ఆ యిరవై రూపాయలును ఇచ్చెను. ఇంత చిన్న సంగతియే అయినను నేనచటనే చాలసేపు నిలిచిపోయితిని. ఏలయన ఈ కొండల భూమి చరిత్రలో అధికభాగము ఆ పిల్లవంటిది ప్రక్కన లేనికాలపు చరిత్ర.

1802 లో శాశ్వత పరిష్కారము విశాఖపట్టణపు సీమకు వచ్చినపుడు జమీందారులకు పేష్కషు, అనగా ప్రభుత్వమునకు కట్టవలసిన శిస్తు, నిర్ణయమైనది. కొండల లోపలి మాట మాత్రము ముఠాదారుల చేతిలోనే యుండెను. కొన్ని పల్లెలు ఒక ముఠా, దానికొక ముఠాదారు, అతడు పైవారికి కట్టుబడి యను స్వల్పమైన పన్ను చెల్లించుచు, తన ముఠాలో శాంతిని కాపాడుచు, అధికారులు వచ్చినపుడు కూలీలను, సామానులను సమకూర్పవలెను. భూమికి గొలుసు పట్టినవారు లేరు, పటము గీచినవారు లేరు. గెడ్డ, గుట్ట, పెద్ద చెట్టు, ఇవియే సరిహద్దులు. పోడు కొట్టిన కొండవాలు మూడు నాలుగు పంటలకు సత్తువ కోల్పోగా దానిని అడవికి విడిచి మరియొక వాలునకు పోవువానికి సర్వే నంబరుతో పనియేమి?

దక్షిణమున గొలుగొండ జమీందారీ 1837 లో బకాయిల క్రింద వేలమునకు వచ్చి ప్రభుత్వపరమైనది. ఆ కొండల ముఠాదారులు నేరుగా కలెక్టరు క్రిందికి వచ్చిరి. పర్లాకిమిడి, విశాఖపట్టణ ప్రాంతముల అలజడులను విచారించుటకై వచ్చిన జార్జి రస్సెల్ సలహాలను అనుసరించి 1839 లో 24 వ చట్టము చేయబడెను. దానివలన గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములు సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తొలగి, కలెక్టరే గవర్నరుకు ఏజెంటుగా పాలించు ప్రదేశము లాయెను. "ఏజెన్సీ" యను మాట మనకు అట్లు దక్కినది. మైదానపు వకీళ్ళనుండి కొండవానిని కాపాడిన ఆ చట్టమును నేను తేలికగా నిందింపజాలను. కాని ఆ కంచె మైదానపు దావాలతోపాటు మైదానపు బడులను గూడ దిగువనే నిలిపివేసినదని నా నమ్మకము. చలిజ్వరమునకు వెరచి పంతులు కొండ ఎక్కలేదు. ఉప్పు, గుడ్డ, అప్పు మోసికొని షావుకారు మాత్రము ఎక్కెను. కనుక కొండవారి యింటికి అక్షరము ఓనమాలుగా కాక ప్రోనోటుగా ముందు వచ్చినది. దానిపై వ్రేలిముద్ర వేసినవానికి అందులో నేమున్నదో చదివి వినిపించినవాడు కూడ ఆ షావుకారే.

1882 మద్రాసు అటవీ చట్టము తరువాత తాతలనాటి పోడు క్రమముగ నేరమాయెను. కొండవారినుండి ఇతరులకు భూమి బదిలీ కాకూడదని 1917 లో మొదటి చట్టము వచ్చుసరికి పల్లపు మళ్ళు అనేకము చేతులు మారియుండెను. 1922 ఆగస్టు 22 న చింతపల్లి పోలీసుఠాణాపై పడిన సీతారామరాజు వెంట గాం గంటం దొర, గాం మల్లు దొర వంటి వారు ఏల నడచిరో తెలియుటకు ఈ కాగితములను ముందుగా చూడవలెను.

ఇచ్చట ఒక్క పుణ్యపురుషుని తలచుకొనక ముందునకు సాగజాలను. ఈ కొండల వరుసలోనే ఈశాన్యమున, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరలను తన యింట నుంచుకొని వారి భాషను నేర్చి, దానిలో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిరి. పిల్లవాని నోటి మాటతోనే చదువు మొదలు కావలెనని వాడుకభాషకై పోరాడిన యా మహనీయుని గూర్చి ఈ పాతపద్ధతి తెలుగులో వ్రాయుచుండగా నాకు కొంత జంకు కలుగుచున్నది. అయినను భక్తికి లోపములేదు. పాడేరు కొండలలోని కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలలో ప్రభుత్వమే వాచకములు అచ్చువేయుటకు ఇరువదియొకటవ శతాబ్దము రావలసివచ్చెను.

మరునాటి యుదయమున మంచు విడకమునుపే, ఆశ్రమ పాఠశాలలో ఏడవ తరగతి చదువు కుఱ్ఱవాడొకడు సెలవునకు ఇంటికి పోవుచుండగా అతని వెంట వారి పల్లెకు నడచితిని. వలిసెపూలు విరిసి చేలన్నియు పసుపు పూసినట్లుండెను. వాని తాతగారి తాత ముఠాదారు కొలువులో నుండెనట. వాని తాతయగు పెద్దాయన అరుగుపై చాప వేయించి, చోడి అంబలి యిప్పించి, నేను వచ్చిన పని వినిన పిమ్మట లోపలికి పోయి వెదురుగొట్టము నొకదానిని తెచ్చెను. అందులోనుండి గుడ్డలో చుట్టిన కాగితమొకటి వచ్చినది: ముఠాదారునకు ఇచ్చిన సనదునకు, అనగా అధికారపత్రమునకు, నకలు. మడతలవద్ద నాలుగు ముక్కలైనది. సంవత్సరపు అంకెలున్నచోట పురుగు తొలిచిన చిల్లు. అంచున పొగచూరిన గోధుమవన్నె. సిరా మాత్రము ఇంకను నల్లగనే యుండెను.

"ఎవరైనా చదివి చెప్పారా తాతా?" అని అడిగితిని.

"మా అయ్యకి రాదు, నాకు రాదు. సర్వేవోళ్ళు వచ్చినపుడు చూపించినాను బాబూ. ఇది చెల్లదు, పట్టా ఏదీ అన్నారు. అప్పుడు కాయితాలు ఏటి బాబూ, గెడ్డకి ఇటు మాది, అటు వోళ్ళది."

ఆ సర్వే గొలుసులు వచ్చినది ముఠాలు రద్దయిన 1969 నాటి రెగ్యులేషను పిమ్మట. కొండలకు రైతువారీ పరిష్కారము 1970 నాటి మాట. గిరిజనేతరులు భూమి కొనరాదను 1/70 రెగ్యులేషను కూడ ఆ యేటిదే. శతాబ్దిన్నర కాలము నోటిమాటపై నిలిచిన సరిహద్దును నిరూపించుకొమ్మని చదువురాని మనుష్యుని అడిగిననాడు అతడేమి చూపగలడు? ఈ పెద్దాయనకు కొంతకాలము తిరిగిన మీదట మళ్ళకు పట్టా వచ్చినది, కొండవాలు రాలేదు.

కుఱ్ఱవాడు నాలుగు ముక్కలను చాపపై జతచేసి, ముందునకు వంగి, గొలుసుకట్టు వ్రాతలో తెలిసిన అక్షరములను ఏరుకొనుచు చదువనారంభించెను. "కట్టుబడి" యను మాట వద్ద ఆగెను. తాత దాని యర్థము చెప్పెను. ఆ మాట ఆయనకు బాగుగ తెలియును, అది కాగితముపై నున్నదని మాత్రము తెలియదు. క్రింద పల్లెల పేర్ల వరుస. పిల్లవాడు ఒక్కొక్కటే పలుకుచుండగా పెద్దాయన "ఆఁ", "అది ఇప్పుడు లేదు", "మా మేనత్తోళ్ళ ఊరు" అని ఊకొట్టుచు, ఏడవ పేరు వచ్చుసరికి చేతికఱ్ఱ ప్రక్కన పెట్టి దగ్గరకు జరిగెను.

"మనదేనా?"

"మనదే తాతా. ఒక్క అచ్చరం తేడా."

"ఎక్కడ, ఏలు పెట్టి చూపించు."

మనుమడు వ్రేలితో చూపెను. పెద్దాయన తన బొటనవ్రేలిని పంచె అంచున తుడుచుకొని ఆ పేరుపై మెల్లగ నుంచి, చాలసేపు తీయలేదు.