మూసిన తలుపు వెనుక

1994లో మా నాన్నగారి కాలు బండి చక్రము క్రింద నలిగిపోయింది. మోకాలి క్రిందికి తీసివేయవలసి వచ్చింది. ఇంటికి వచ్చినది మొదలు ఆయన గది విడువలేదు. గోడవైపు తిరిగి పడుకొనేవారు. "ఇక నాన్న చేనికి పోలేరు" అని నేనే నిశ్చయించుకొని, ఆయనను ఒక్క మాట అడుగకుండా ఎడ్లను సంతలో అమ్మివేశాను.

చాలా ఏండ్ల తరువాత జేమ్స్ ఎడ్వర్డ్ హ్యాంగర్ జీవితము చదివాను. ఆయనది అమెరికాలోని వర్జీనియా. ఇంజనీరింగు చదువు విడిచి, పద్దెనిమిదేండ్లకే దక్షిణాది సైన్యములో చేరాడు. చేరీ చేరగానే, 1861 జూన్ 3న, ఫిలిప్పీ అనే ఊరిలో (ఇది బైబిలులోని ఫిలిప్పీ కాదు) ఫిరంగి గుండు తగిలింది. శత్రుసైన్యపు వైద్యుడే కాలు తీసి ప్రాణము నిలిపాడు.

ఇల్లు చేరిన హ్యాంగర్ గది తలుపు మూసుకొన్నాడు. ఎవరినీ రానీయలేదు. కుమిలిపోతున్నాడని ఇంటివారు బెంగపడ్డారు. కొన్ని నెలలకు ఆయన రెండు కాళ్లమీద మెట్లు దిగి వచ్చాడు! తనకిచ్చిన కర్రకాలు మొద్దులా ఉండి వంగేది కాదు. అందుచేత పీపా చెక్కలను చెక్కి, మోకాటి దగ్గర, చీలమండ దగ్గర వంగేలా తన కాలు తానే చేసుకొన్నాడు. తరువాత యుద్ధములో కాళ్లు పోయిన ఇతర సైనికులకూ చేసి ఇచ్చాడు. 1919లో ఆయన చనిపోయేనాటికి ఆ పని ఇంగ్లండు, ఫ్రాన్సులకు కూడా చేరింది.

అది చదువుతుంటే నాకు మా గోడవైపు మంచమే కనబడింది.

నాన్నగారికి ఒక శిబిరములో జైపూరు కాలు పెట్టారు. రాంచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి 1968లో రూపొందించిన రబ్బరు పాదమది. చెప్పులు లేకుండా నడవవచ్చు, బురదలో దిగవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. ఇల్లు చేరిన సాయంత్రమే నాన్నగారు కర్ర పట్టుకొని, మెల్లగా కొట్టము దగ్గరకు నడిచారు. ఖాళీ గుంజలను చూచి, "ఎడ్లేవిరా?" అన్నారు.

నా నోట మాట రాలేదు. ఆ నెలలన్నీ ఆయన మనస్సు ఎడ్లమీదనే ఉందేమో! అడిగితే కదా తెలిసేది?

మరుసటి యేడు అప్పు చేసి ఒక జత కొన్నాను. నాన్నగారు వాటిని చాలాకాలము తోలారు. అమ్మిన సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మీ ఇంట ఎవరైనా అలా తలుపు మూసుకొని ఉన్నారా? వారి పని అయిపోయిందని మీరే తీర్పు చెప్పకండి. తలుపు తట్టి, ఏమి కావాలో అడగండి. వారికి కావలసినది నాలుగు పీపా చెక్కలే కావచ్చు.